మూలకణ మార్పిడితో హెచ్‌ఐవీ పోతుందా?

ప్రశ్న: మా తమ్ముడు కొన్నేళ్లుగా హెచ్‌ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడుతున్నాడు. మూలకణ మార్పిడితో హెచ్‌ఐవీ పూర్తిగా నయమైందని చదివాం. అప్పు చేసైనా చేయించమంటారా?

జవాబు: మీరు చదివింది నిజమే. అయినా అప్పు చేయకండి. 2007లో బెర్లిన్‌లో అలా నయమైన తిమోతీ రే బ్రౌన్‌కు ఈ మార్పిడి చేసింది హెచ్‌ఐవీ కోసం కాదు, ప్రాణం మీదికొచ్చిన రక్తక్యాన్సర్ కోసం. హెచ్‌ఐవీ సాధారణంగా తెల్లరక్తకణం పైనుండే సీసీఆర్5 అనే ప్రోటీన్‌ను పట్టుకుని లోపలికి చొరబడుతుంది. దీని తయారీని చెడగొట్టే జన్యులోపాన్ని తల్లి నుంచీ తండ్రి నుంచీ పొందినవారి కణాలపై ఈ ప్రోటీన్ ఉండదు. బ్రౌన్‌కు వైద్యం చేసిన డాక్టర్ గెరో హ్యూటర్ సరిగ్గా అలాంటి దాతనే వెతికి పట్టుకున్నారు. ఉత్తర ఐరోపావారిలోనే నూటికి ఒకరికి ఉండే లక్షణమిది. మన దేశంలో మరీ అరుదు.

ఆ లోపం లేని దాతతోనూ జెనీవాలో ఒకరికి వైరస్ జాడ లేకుండా పోయింది కదా అని మీరు అడగవచ్చు. నిజమే. కానీ బోస్టన్‌లో అలాగే మార్పిడి జరిగిన ఇద్దరికి మందులు ఆపిన కొన్ని నెలలకే వైరస్ తిరగబెట్టింది. పైగా ఈ చికిత్సలో ముందు కీమోతో రోగి ఎముక మజ్జను దెబ్బతీస్తారు. తర్వాత దాత కణాలే రోగి చర్మం, పేగులు, కాలేయంపై దాడి చేయవచ్చు, ఇన్‌ఫెక్షన్లు ప్రాణం తీయవచ్చు. క్యాన్సర్ ఉన్నవారికి ఈ ముప్పు తప్పదు. మందులతో నిలకడగా ఉన్న మనిషిని అందులోకి నెట్టడం తప్పు. రక్తంలో వైరస్ మోతాదు (వైరల్ లోడ్) పరీక్షలో కనబడనంతగా అదుపులో ఉంటే ఆయుష్షుకు పెద్దగా లోటుండదు, లైంగికంగా ఇతరులకూ సోకదు. ఆ మందులు ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఉచితం. మీ తమ్ముణ్ని ఒక్క పూట కూడా మాత్ర మాననివ్వకండి.