పది మైక్రాన్లా, ఇరవై మైక్రాన్లా?

మాది ఒక్కటే లారీ. ఇల్లు గడిచేదీ, నా కాలేజీ ఫీజు కట్టేదీ దాని మీదే. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఆయిల్ మార్పించడానికి నాన్నతో విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. షాపులో రెండు ఫిల్టర్లు చూపించారు. ఒక పెట్టె మీద "10 మైక్రాన్లు" అని పెద్ద అక్షరాలతో ఉంది, ధర కూడా తక్కువే. రెండోదాని మీద "20 మైక్రాన్లు". నంబరు తగ్గేకొద్దీ సన్నని చెత్త కూడా ఆగుతుంది కదా అని మొదటిదే తీసుకోమన్నాను. మెకానికల్ చదివే కొడుకు మాట, నాన్న మారు మాట్లాడలేదు.

వేసవిలో మళ్లీ ఆయిల్ మార్చినప్పుడు మేస్త్రి ఆ ఫిల్టర్‌ని కోసి నా ముందు పెట్టాడు. కాగితం మడతలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఒక చివర జిగురు ఊడి సందు పడింది. "ఆయిలంతా ఈ సందులోంచి పోతుంటే నీ పది మైక్రాన్లు ఏం చేస్తాయి ఇంజినీరూ? ఇంకొన్నాళ్లు ఇలాగే తిప్పితే బేరింగులు పోయేవి" అన్నాడు. నాన్న ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధనిపించింది. అప్పుడు కూర్చుని చదివాను.

మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. బేరింగులో బరువు పడే చోట ఆయిల్ పొర కొన్ని మైక్రాన్లే ఉంటుంది. కాబట్టి కంటికి కనపడని రేణువులే అక్కడ గీతలు పెడతాయి.

అయితే ఉత్త మైక్రాన్ నంబరుతో ఏమీ తేలదు. ఆ సైజు రేణువుల్లో ఎన్నింటిని ఆపుతుందో తెలియాలి. దాన్ని చెప్పేది బీటా నిష్పత్తి: ఫిల్టర్‌కి ముందున్న రేణువుల సంఖ్యను, దాటి వచ్చిన వాటి సంఖ్యతో భాగించాలి. 200 వెళ్లి 100 బయటికొస్తే బీటా 2, అంటే ఆగింది 50 శాతమే. 200 వెళ్లి ఒక్కటే వస్తే బీటా 200, అంటే 99.5 శాతం. రెండింటి పెట్టెల మీదా "10 మైక్రాన్లు" అని రాసుకోవచ్చు!

ఇంకో చిక్కుంది. ఫిల్టర్ మూసుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా బైపాస్ వాల్వ్ తెరుచుకుంటుంది. ఇంజన్‌కి ఆయిలే అందకపోవడం కంటే మురికి ఆయిల్ అందడం నయం కాబట్టి ఆ ఏర్పాటు. రంధ్రాలు మరీ సన్నగా ఉండి, కాగితం తక్కువుంటే ఫిల్టర్ త్వరగా నిండిపోతుంది. ఆ తర్వాత ఆయిల్ వడపోత లేకుండానే తిరుగుతుంది.

కొనేటప్పుడు నేనిప్పుడు చూసేవి ఇవి:

1. ఇంజన్ కంపెనీ చెప్పిన పార్ట్ నంబరుకి సరిపోవాలి. మర కుదిరినంత మాత్రాన బైపాస్ తెరుచుకునే ఒత్తిడి ఒకటే కానక్కర్లేదు.
2. మైక్రాన్ పక్కన శాతమో బీటానో ఉండాలి.
3. ఆయిల్ ఎక్కువ కిలోమీటర్లు నడపాలంటే సింథటిక్ పీచు ఉన్నది మేలు. మామూలు కాగితం కంటే ఎక్కువ మురికి పట్టుకుంటుంది.
4. ఫిల్టర్ అడ్డంగా బిగించే ఇంజన్ అయితే, ఆపాక ఆయిల్ వెనక్కి జారకుండా లోపలి రబ్బరు వాల్వ్ బాగుండాలి.

ఒక్కటి మాత్రం ఏ మామూలు ఫిల్టరూ చేయలేదు. డీజిల్ మసి రేణువులు విడివిడిగా ఒక మైక్రాన్ కంటే చాలా చిన్నవి. అందుకే ఖరీదైన ఫిల్టర్ వేశాం కదా అని ఆయిల్ మార్చడం వాయిదా వేయకూడదు.

ఈసారి షాపులో "20 మైక్రాన్ల దగ్గర ఎంత శాతం ఆపుతుందండీ?" అని అడిగాను. ఆయన వెతికి కంపెనీ కాగితం తీశాడు. అందులో శాతం రాసున్నదే కొన్నాం. పాతది మాత్రం ప్రతిసారీ కోయించి చూస్తున్నాం. నేను మొదట చూసేది జిగురు ఊడిందా లేదా అనే.