తండ్రీకొడుకులు చేసిన గిటారు

లండన్ నగరమునకు పడమటి దిశను ఫెల్తమ్ అను శివారు ప్రాంతము కలదు. అచ్చటి యొక సామాన్యగృహమున హారొల్డ్ మే అను నతడు భార్యతోను, ఏకైక కుమారుడగు బ్రయన్‌తోను నివసించుచుండెను. హారొల్డ్ బ్రిటిష్ ప్రభుత్వపు విమానయానశాఖలో పరికరముల నమూనాపటములు గీయు ఉద్యోగి. జీతము స్వల్పము, పనితనము మాత్రము గొప్పది. ఏదేని వస్తువు కావలసివచ్చినచో అంగడికి పోవుటకు ముందు తానే దానిని చేయవచ్చునా యని ఆలోచించుట ఆయన స్వభావము. ఇంటిలోని టెలివిజన్ పెట్టెను సైతము ఆయనయే కూర్చెను.

1947 జూలై 19వ తేదీన జన్మించిన బ్రయన్ ఈ పనిముట్ల నడుమ పెరిగెను. ఉకులేలె అను నాలుగు తీగల చిన్న వాద్యమును వాయించుటను తండ్రియే అతనికి నేర్పెను. ఆకాశమును చూచుటకై ఇద్దరును కలిసి ఒక దూరదర్శినిని గూడ చేసికొనిరి. బాలునకు సంగీతమునందును నక్షత్రములయందును సమానమైన మక్కువ కలిగెను. ఆ రెండు మక్కువలే పిమ్మట ఒకదానితో నొకటి పోటీపడి తండ్రికిని కొడుకునకును నడుమ పెద్ద చిక్కును తెచ్చిపెట్టినవి.

ఏడవ పుట్టినరోజున బ్రయన్‌కు ఒక మామూలు గిటారు బహుమానముగా లభించెను. పదునారవ యేట అతనికి విద్యుత్ గిటారుపై మనసు పోయెను. అమెరికాలో తయారై వచ్చెడి ఫెండర్ గిటారులు ఆ కాలమున లండన్ దుకాణముల అద్దములలో మెరయుచుండెడివి. వాని వెల ఆ కుటుంబమునకు అందునది కాదు. కొనలేనిచో చేసికొందమని తండ్రీకొడుకులు నిశ్చయించుకొని, 1963 ఆగస్టు నెలలో పని ప్రారంభించిరి. ఇంటిలోని ఒక గదియే కార్ఖానా. యంత్రములు లేవు, రంపము, ఉలి, ఆకురాయి, చేతితో త్రిప్పు డ్రిల్లు మొదలగునవే సాధనములు.

వారు చేయబూనిన దేమో ముందుగా తెలిసికొనవలెను. గిటారు మన వీణవలె మెట్లు గల తంత్రీవాద్యము. వీణ కుండను పనసకొయ్యను తొలిచి చేయుదురు. మీటిన తీగ కంపించగా, ఆ కంపనము గుర్రము మీదుగా పలకకును, కుండలోని గాలికిని వ్యాపించి మన చెవిని చేరును. విద్యుత్ గిటారు మార్గము వేరు. దాని తీగల క్రింద పికప్ అను చిన్న పరికరముండును. అయస్కాంతము చుట్టును వెండ్రుకవంటి రాగితీగను వేల చుట్లు చుట్టినచో అది పికప్ అగును. పైనున్న ఉక్కుతీగ కదలగనే రాగిచుట్టలో ఇంచుక విద్యుత్తు పుట్టును. యాంప్లిఫయరు దానిని పెంచగా స్పీకరు ధ్వనిగా మార్చును. కావున గిటారు దేహము బోలుగా నుండక గట్టి చెక్కయైనను వాద్యము పలుకును.

అట్లయినచో గట్టి చెక్కతోనే చేయరాదా? బ్రయన్ కోరిక అంతటితో తీరునది కాదు. స్పీకరునుండి వెలువడిన పెద్దధ్వని గాలిలో వచ్చి గిటారును తాకినప్పుడు తీగలు మరల కదలును. ఆ కదలిక మరల స్పీకరును చేరును. సభలలో మైకు ఒక్కసారిగా కీచుమనుట మనమందరము విన్నదే, ఇదియు అట్టిదే. దీనిని ఫీడ్‌బ్యాక్ అందురు. దేహమంతయు బోలైన గిటారులో ఈ ధ్వని సులభముగా అదుపు తప్పును. మిక్కిలి ఘనమైనదానిలో అంత సులభముగా పుట్టదు. అదుపులో నుంచుకొన్నచో మీటిన స్వరము చాలసేపు ఆరిపోక గాయకుని గొంతువలె నిలుచును. బ్రయన్ కోరినది ఆ గొంతు. అందుచేత నడుమ గట్టికొయ్య నుంచి, ప్రక్కల గాలిగదులు విడిచి, సగము బోలుగా చేయుటకు సంకల్పించెను.

ఇక కలప మాట. ఇంగ్లండు గృహములలో చలి కాచుకొను పొయ్యి చుట్టును అందమైన కొయ్యచట్రము నమర్చు ఆచారము కలదు. కుటుంబమునకు తెలిసిన వారొకరు పారవేయనున్న అట్టి పాతచట్రమొకటి వీరికి దొరికెను. అది నూరేండ్లకు పైబడిన మహాగని. ఏండ్ల తరబడి ఆరిన కొయ్య మరల వంగదు, వంకరపోదు. వాద్యపు మెడకు అంతకంటె తగినది లేదు. కాని అందులో పురుగు తొలిచిన రంధ్రములుండెను. బ్రయన్ వానిలో అగ్గిపుల్లలను దూర్చి పూడ్చెను. పిమ్మట జేబుకత్తితో చెక్కి చెక్కి మెడకు రూపు కల్పించెను. ఆ మెడ సాధారణ గిటారుల మెడకంటె లావుగను వెడల్పుగను ఉండును. చేసినవాని చేతికే అది కుదిరినది. ఇతరులకు మొదట కొంత ఇబ్బందియే.

దేహము నడిమిభాగమునకు ఒక పాతబల్లయొక్క ఓకు చెక్క ఉపయోగపడెను. ప్రక్కభాగములు బ్లాకుబోర్డు. అది చౌకరకపు అతుకుచెక్క. వాద్యములు చేయువారు దానివైపు కన్నెత్తియైన చూడరు. పైనను క్రిందను పలుచని మహాగని పొరను అతికించి, ఎర్రని మెరుగు వచ్చువరకు పూతమీద పూత పూసిరి. అంచులకు అలమరల అంచున వేయు తెల్లని ప్లాస్టిక్ పట్టీని చుట్టిరి. లోపల గాలిగదులున్నట్లు పైకి కనబడదు. ఆ ఎర్రని రంగునుబట్టియే ఈ వాద్యమునకు పిమ్మట ‘రెడ్ స్పెషల్’ అను పేరు స్థిరపడెను.

వీణకు ఇరువదినాలుగు మెట్లు. ఈ గిటారునకును ఇరువదినాలుగే. అయితే వీణమెట్లను మైనముపై అమర్చుదురు గనుక స్వరము తప్పినచో సవరింపవచ్చును. గిటారు మెట్లు కొయ్యలో బిగించిన లోహపుకడ్డీలు. ఒకసారి తప్పిన తప్పినదే. తీగ పొడవు 24 అంగుళములు. పండ్రెండవ మెట్టు సరిగా సగమున, అనగా 12 అంగుళముల యొద్ద రావలెను. మొదటి మెట్టు కొసనుండి సుమారు 1.35 అంగుళముల దూరము. అచ్చటినుండి ప్రతి ఎడమును అంతకు ముందు ఎడముకంటె ఒకే నిష్పత్తిలో తగ్గుచు పోవలెను. గణితము తెలియనివానికి ఈ పని సాధ్యము కాదు. వ్రేళ్ళకు స్థానము తెలియుటకై పలకపై పొదిగిన తెల్లని చుక్కలు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు.

తండ్రీకొడుకులు ఎక్కువగా శ్రమించినది మరియొకచోట. విద్యుత్ గిటారులలో కొన్నిటికి ఒక పిడి యుండును. దానిని నొక్కినచో తీగలన్నియు ఒక్కసారి వదులై స్వరము క్రుంగును. విడిచినచో యథాస్థానమునకు రావలెను. రావలెనే గాని ఆనాటి గిటారులలో పెక్కింటికి వచ్చెడిది కాదు. ప్రతి పాటకును మరల శ్రుతి చేసికొనవలసి వచ్చెడిది. ఇందుకు హేతువు ఘర్షణమని బ్రయన్ కనిపెట్టెను. తీగ రాపిడి పొందుచోట కొంచెము పట్టుకొని నిలిచిపోవును. ఘర్షణమున్న చోట్లనెల్ల దానిని తగ్గింపవలెను. పలు నమూనాలు చేసి పరీక్షించిన పిమ్మట వారు ఉక్కుపలకను కత్తివాదర వంటి అంచుపై నిలిపిరి. కంసాలి త్రాసుకాడ ఎట్లు సన్నని అంచుపై ఊగునో, ఆ పలకయు అట్లే ఊగును. వాదర అరుగకుండుటకై ఉక్కును కాచి పదును పెట్టిరి. ఒకవైపు తీగలు లాగుచుండగా మరియొకవైపు సరితూగుటకు బలమైన స్ప్రింగులు కావలెను గదా. 1928వ సంవత్సరపు పాంథర్ మోటారుసైకిలు ఇంజనులోని వాల్వు స్ప్రింగులు రెండు అందుకు సరిపోయెను. తీగలు గుర్రముపై రాసికొనక దొర్లునట్లు చిన్న ఉక్కుచక్రములను చేసి అమర్చిరి. నొక్కుడుపిడి పూర్వము ఒక సైకిలుకు సంచి తగిలించెడి కడ్డీ. దాని కొసనున్న మొగ్గ తల్లి ఊలు అల్లెడి సూది మొన. వినుటకు ఇది గారడివలె తోచును. కాని ఏ తునుకయు దొరికినదిగదా యని వేయబడలేదు. చేయవలసిన పనికి తగునా యని చూచి వేయబడినది.

పికప్‌లను గూడ బ్రయన్ మొదట తానే చుట్టెను. అవి బాగుగనే పలికినవి. కాని వీణపై గమకము పలికించునట్లు తీగను ప్రక్కకు లాగినప్పుడు స్వరముతోపాటు వింతరొద యొకటి వినవచ్చెను. అయస్కాంతధ్రువముల అమరిక దానికి కారణము. తీగ ఒక ధ్రువమును విడిచి మరియొక ధ్రువముపైకి జరుగుచుండుటచేత ఆ రొద పుట్టెను. ఇచ్చట మాత్రము వారు పట్టుదలకు పోక, బర్న్స్ కంపెనీవారి పికప్‌లను మూడింటిని కొని వేసిరి. అవి కీచుమనకుండుటకు లోపల ఆరల్డైట్ జిగురును నింపిరి. ప్రతి పికప్‌నకు రెండేసి మీటలు; ఒకటి దానిని పలికించుటకు, ఆపుటకు; మరియొకటి విద్యుత్తరంగమును తలక్రిందు చేయుటకు. రెండు పికప్‌ల తరంగములు ఒకే తీరున నడచినచో కలిసి బలపడును. ఎదురెదురుగా నడచినచో కొంత కొట్టివేసికొని సన్నని వాడిస్వరము మిగులును. ఒకే వాద్యమున ఇన్ని గొంతులు పలుకుటకు ఈ చిన్న మీటలే మూలము.

పని ముగియుటకు సుమారు రెండేండ్లు పట్టెను. మొత్తము వ్యయము ఎనిమిది పౌండ్లని చెప్పుదురు. మీటుటకు బ్రయన్ ప్లాస్టిక్ బిళ్ళను గాక ఆరుపెన్నీల నాణెమును వాడెను. దాని అంచునగల గాళ్ళు తీగను గీరి స్పష్టమైన ఉచ్చారణ వంటి ధ్వనిని ఇచ్చును.

బ్రయన్ చదువునందును వెనుకబడలేదు. లండన్ ఇంపీరియల్ కళాశాలలో భౌతికశాస్త్రము చదివి 1968లో పట్టభద్రుడయ్యెను. అనంతరము సూర్యుని చుట్టును వ్యాపించియున్న సూక్ష్మధూళి కదలికపై పరిశోధనకు పూనుకొనెను. ఉదయమునకు ముందు, సాయంకాలము తరువాత చీకటి ఆకాశమున కనబడు మసకకాంతికి ఆ ధూళియే కారణము. టెనెరిఫె దీవిలోని కొండపై దానిని పరిశీలించెను. కొంతకాలము పాఠశాలలో గణితమును బోధించెను. ఇంతలో 1970లో మిత్రులతో కలిసి స్థాపించిన ‘క్వీన్’ అను వాద్యబృందము పేరు పొందసాగెను. ఆ బృందగాయకుడు ఫ్రెడీ మెర్క్యురీ జాంజిబారులో జన్మించిన పారశీకుడు. మహారాష్ట్రమునందలి పంచగని పాఠశాలలో చదివినవాడు. సంగీతమా, పరిశోధనమా యను ప్రశ్న వచ్చినప్పుడు 1974 ప్రాంతమున బ్రయన్ సిద్ధాంతవ్యాసమును సగములో విడిచెను.

తండ్రికి ఇది నచ్చలేదు. కొడుకును చదివించుటకు ఆయన పడిన శ్రమ తక్కువది కాదు. గిటారు చేయుటకు రెండేండ్లు ప్రక్కన నిలిచినవాడే ఆ గిటారుకొరకు చదువు మానుటను సహింపలేకపోయెను. ఇది పరస్పరవిరుద్ధమని తోపవచ్చును గాని తండ్రి మనసు తెలిసినవారికి వింత కాదు. చేతిపని ఆయనకు ఆనందము. కొడుకు బ్రతుకుతెరువు వేరు. కొన్నేండ్లు ఆ వ్యథ ఇద్దరిలోను నిలిచెను. 1970వ దశకపు చివరిభాగమున బ్రయన్ తల్లిదండ్రులను కాంకార్డ్ విమానములో న్యూయార్కునకు రప్పించి, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తమ కచేరీని చూపెను. వేలకొలది జనము నడుమ తన యింటి గదిలో పుట్టిన గిటారు పలుకుట హారొల్డ్ వినెను. కచేరీ ముగిసిన పిమ్మట కొడుకు చేయి పట్టుకొని, ఇప్పుడు తనకు అర్థమైనదని చెప్పెనట. ఆయన 1988లో మరణించెను.

ఆ బృందములో బేస్ గిటారు వాయించిన జాన్ డీకన్ గూడ ఎలక్ట్రానిక్స్ చదివినవాడే. చెత్తకుండీలో దొరికిన విద్యుత్పలకతో అతడు చేసిన చిన్న యాంప్లిఫయరుకు రెడ్ స్పెషల్‌ను కలిపి బ్రయన్ పలు పాటలలో వాద్యబృందములవంటి ధ్వనులను పలికించెను. గిటారు మాత్రము ఏండ్లకొలది ప్రయాణములచేత గీతలుపడి, పైపొర అచ్చటచ్చట చెదరెను. 1998లో ఆస్ట్రేలియాకు చెందిన గ్రెగ్ ఫ్రయర్ అను వాద్యనిర్మాత దానిని జాగ్రత్తగా బాగుచేసెను. మెడలోని మహాగనియు, లోపలి ఓకును పూర్వమువలెనే నిలిచినవి. 2002లో ఎలిజబెత్ రాణి సింహాసనారోహణ స్వర్ణోత్సవమునాడు బ్రయన్ బకింగ్‌హామ్ రాజభవనము పైకప్పున నిలిచి ఆ దేశపు జాతీయగీతమును ఈ గిటారుపైననే వాయించెను.

విడిచిన సిద్ధాంతవ్యాసమును ఆయన ముప్పదియేండ్లు గడచిన తరువాత మరల చేపట్టెను. పాత పరిశీలనలకు కొత్తవానిని జోడించి, ఆ ధూళిపైననే వ్యాసమును ముగించి, 2007లో అరువదియవ యేట ఇంపీరియల్ కళాశాలనుండి డాక్టరు పట్టము నందెను. దానిని చూచుటకు హారొల్డ్ మే లేడు.