క్రీడాశిక్షకుని జీవితచరిత్ర: ఆధార పరిశీలనము, ప్రతి పరిష్కరణము

అందరికిని తెలిసిన కథను పరీక్షించుట జీవితచరిత్రకారునకు కడు కష్టమైన కార్యము. శ్రీనాథ పోతనలు బావమరదులనియు, వారి నడుమ వాదములు జరిగెననియు తరతరములుగా వినుచున్నాము. శ్రీనాథుని పేరిట వ్యాప్తిలోనున్న చాటువులనుండియే ఆయన జీవితమును కూర్చిన విమర్శకులును కలరు. చాటువును చరిత్రకు ఆధారముగా ఎంతవరకు గైకొనవచ్చునను ప్రశ్న మన సాహిత్యచరిత్రకారులకు క్రొత్త కాదు. పత్రికలు, ఛాయాచిత్రములు, ఉత్తరములు సమృద్ధిగా లభించు ఇరువదవ శతాబ్దపు మనుష్యుని విషయమునను ఇదే చిక్కు ఎదురగును. అమెరికా కళాశాలా ఫుట్‌బాలు శిక్షకుడు క్నూట్ రాక్నీ జీవితచరిత్రను ఉదాహరణముగా గైకొని, ఆధారములను పరిశీలించు రీతిని, వ్రాసిన ప్రతిని పరిష్కరించు రీతిని ఈ వ్యాసమున విచారింతము.

ముందుగా వివాదము లేని అంశములు. రాక్నీ 1888 మార్చి 4వ తేదీన నార్వే దేశమందలి వోస్‌లో జన్మించి, బాల్యముననే కుటుంబముతో షికాగో నగరము చేరెను. ఇండియానా రాష్ట్రమందలి నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయమున చదివి 1914లో పట్టభద్రుడయ్యెను. అచ్చటనే రసాయనశాస్త్రమును బోధించుచు సహాయశిక్షకుడుగా నుండి, 1918లో ప్రధానశిక్షకుడయ్యెను. 13 ఏండ్లలో ఆయన జట్టు 105 ఆటలు గెలిచి, 12 ఓడి, 5 సమముగా ముగించెను. 1919, 1920, 1924, 1929, 1930 సంవత్సరములలో ఆ జట్టునకు ఓటమియు లేదు, సమతయు లేదు. 1931 మార్చి 31వ తేదీన కాన్సాస్ రాష్ట్రమున బజార్ గ్రామము చెంత విమానము కూలి ఎనమండుగురు మరణించిరి. వారిలో రాక్నీ ఒకడు. అప్పటికి ఆయన వయస్సు 43 ఏండ్లు. ఈ ఆట మనమెరిగిన ఫుట్‌బాలు కాదని గుర్తింపవలెను. ఇది కోలబంతిని చేతబట్టి పరుగిడుచు, ఎదుటివారిని త్రోసికొనుచు సాగు ఆట.

ఇక కథలు. బంతిని ముందునకు విసరి అందుకొను పద్ధతిని రాక్నీయు ఆయన సహచరుడు గస్ డొరెయిసును కనిపెట్టిరని లోకప్రతీతి. 1913 నవంబరు 1వ తేదీన సైనిక విద్యాలయపు జట్టును వారు 35-13 తేడాతో ఓడించిన మాట నిజము. ఆ విజయమునకు ఈ పద్ధతి తోడ్పడిన మాటయు నిజము. కాని నియమావళి దానిని 1906లోనే అనుమతించెను. సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయపు జట్టు ఆ యేటనే దానిని ప్రయోగించెను. కనుక రాక్నీని ఆ పద్ధతికి ప్రచారకుడనవచ్చును గాని ఆవిష్కర్త యనరాదు. ఇచ్చట సంఘటన సత్యము, దానికి చేర్చిన "మొట్టమొదట" అను విశేషణము ప్రక్షిప్తము. మూలమున లేని పద్యము ప్రతులు పెరిగినకొలది కావ్యమున చేరినట్లే, ఇట్టి విశేషణములు జీవితచరిత్రలో చేరుచుండును.

ఛాయాచిత్రము అబద్ధమాడదని తలచుటయు పొరపాటే. 1924 అక్టోబరు 18వ తేదీన జరిగిన ఆటను వర్ణించుచు గ్రాంట్లండ్ రైస్ అను విలేఖరి, నోటర్‌డేమ్ ఆటగాండ్రు నలుగురిని బైబిలు ప్రళయవర్ణనలోని నలుగురు రౌతులతో పోల్చెను. వెంటనే ఆ విశ్వవిద్యాలయపు ప్రచారకార్యము చూచు విద్యార్థి యొకడు, ఆ నలుగురిని గుఱ్ఱములపై నెక్కించి చిత్రము తీయించెను. ఆ చిత్రము దేశమంతట వ్యాపించెను. అది కల్పితచిత్రము కాదు. ఆటగాండ్రును గుఱ్ఱములును నిజమే. ఐనను అది ఆటకు సాక్ష్యము కాదు, కీర్తి నిర్మాణమునకు సాక్ష్యము. ఆధారము దేనికి ఆధారమో నిర్ణయించుటయే పరిశోధకుని మొదటి పని.

అన్నిటికంటె సున్నితమైనది జార్జి గిప్ప్ కథ. గొప్ప ఆటగాడైన గిప్ప్ 1920 డిసెంబరు 14వ తేదీన 25 ఏండ్ల ప్రాయమున గొంతువ్యాధి, న్యుమోనియాలవలన మరణించెను. 1928 నవంబరు 10వ తేదీన న్యూయార్కులోని యాంకీ స్టేడియమున సైనిక విద్యాలయపు జట్టుతో ఆట జరిగెను. అప్పటికే ఆ యేట రెండుమారులు ఓడియున్న తన జట్టునకు రాక్నీ ఒక సంగతి చెప్పెను: జట్టు కష్టములోనున్ననాడు తనకొరకు ఒక ఆట గెలువుమని మరణశయ్యపై గిప్ప్ తన్ను కోరెనట. నోటర్‌డేమ్ 12-6తో గెలిచెను.

ఇందు రెండు ప్రశ్నలు కలిసియున్నవి. రాక్నీ ఆ మాటలు పలికెనా? పలికెననుటకు ఆటగాండ్ర జ్ఞాపకములును, కొలది దినములలోనే న్యూయార్కు పత్రికలో ఫ్రాన్సిస్ వాలెస్ ప్రకటించిన వార్తయు కలవు. ఆట ముందు పలికెనా, విరామమున పలికెనా యను విషయమున మాత్రము సాక్షులు ఏకీభవింపరు. ఇక గిప్ప్ అట్లు కోరెనా? దీనికి రాక్నీ మాట తప్ప వేరు ఆధారము లేదు. అదియు ఎనిమిదేండ్లకు చెప్పిన మాట. పైగా 1922లో జార్జియా టెక్ జట్టుతో ఆటకు ముందు, తన కుమారుడు జబ్బుపడెనని చెప్పి ఆయన ఆటగాండ్రను ఉద్రేకపరచెననియు, ఆ బాలుడు తిరుగు ప్రయాణమున ఆరోగ్యముతో ఎదురువచ్చెననియు ఆనాటి ఆటగాండ్రు చెప్పుకొనిరి. కాబట్టి "రాక్నీ ఇట్లు చెప్పెను" అని వ్రాయవచ్చును. "గిప్ప్ ఇట్లు కోరెను" అని వ్రాయరాదు. కర్త మారినచో చరిత్ర మారును. మన భాషలో "అట" యను చిన్న మాట ఈ భేదమును ఎంత తేలికగా నిలుపగలదో భాషాపరిశోధకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

సాక్ష్యపు కాలమును గమనించుటయు ముఖ్యమే. 1940లో రాక్నీ జీవితము చలనచిత్రమయ్యెను. గిప్ప్ పాత్రను రొనాల్డ్ రేగన్ ధరించెను. ఆ చిత్రము తరువాత చెప్పబడిన జ్ఞాపకములలో మైదానమున చూచినదెంత, తెరపై చూచినదెంత యని విడదీయుట కష్టము. సమకాలపు వార్తలనైనను పరీక్షింపక గ్రహింపరాదు. షికాగో ట్రిబ్యూన్ క్రీడావిలేఖరి వాల్టర్ ఎకర్సాల్ ఆటలకు నిర్ణేతగాను పనిచేసెను. తాను తీర్పు చెప్పిన ఆటను తానే వర్ణించునప్పుడు ఆ వార్తను తటస్థసాక్ష్యమనలేము. మరే స్పెర్బర్ అను పండితుడు రాక్నీ ఉత్తరప్రత్యుత్తరములను శోధించి 1993లో ప్రకటించిన గ్రంథము, ఇట్టి సంబంధములను వెలికితీసి పూర్వకథలలో పెక్కింటిని సరిదిద్దెను.

పరిశోధన ముగిసిన పిదప పరిష్కరణము. మొదట ప్రతి వాక్యమునకును "ఎవరు చెప్పిరి? ఎప్పుడు చెప్పిరి?" అను ప్రశ్నలు వేయవలెను. సమాధానము దొరకని వాక్యమును తొలగింపవలెను, లేదా ప్రతీతియని స్పష్టముగా తెలుపవలెను. రెండవది, సంఖ్య చెప్పగల చోట విశేషణము వలదు. 105 విజయములను పేర్కొనిన పిదప "అద్వితీయుడు" అను మాట అనావశ్యకము. మూడవది, కథ అసత్యమని తేలినను దానిని పూర్తిగా పారవేయరాదు. అది పుట్టిన దినమును, పెరిగిన త్రోవను తెలిపినచో ఆ కథయే చరిత్ర యగును. మరణించిన యువకుని పేరు చెప్పి జీవించియున్నవారిని కదిలింపగల వాక్చాతుర్యము రాక్నీ స్వభావములో భాగము. ఆ నేర్పును చూపవలెను. ఆ నేర్పునకు మనము లోబడరాదు.

ఈ విచారము మనకు దూరపుది కాదు. హైదరాబాదు నగర పోలీసు జట్టును తీర్చిదిద్ది, 1951, 1962 ఏషియా క్రీడలలో భారతజట్టునకు స్వర్ణపతకములు సాధించిపెట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం, ఉపాధ్యాయవృత్తినుండి వచ్చిన శిక్షకుడే. ఆయన 1963లో మరణించెను. 2024లో ఆయన జీవితము చలనచిత్రముగా వెలువడెను. ఆయనవద్ద నేర్చినవారు నానాటికి తగ్గిపోవుచున్నారు. వారి మాటలను తేదీతోను, చెప్పినవారి పేరుతోను ఇప్పుడే వ్రాసి ఉంచనిచో, రేపటి చరిత్రకారునకు తెరపై బొమ్మ మాత్రమే మిగులును. కన్నవారు ఉన్నప్పుడే అడిగినచో "చూచితిని" అను సాక్ష్యము లభించును. ఆలస్యమైనచో "అట" మాత్రమే లభించును.