ఆరు మైళ్ల ఊరు

మన దేశమున ఊరు ముందు పుట్టినది. కొలత పిమ్మట వచ్చినది. ఏ గ్రామము పొలిమేర వెంట నడచి చూచినను ఈ సంగతి బోధపడును. ఒకచోట వాగు హద్దు, మరియొకచోట చెరువు కట్ట, ఇంకొకచోట గుట్ట వాలు. ఎన్నో తరములుగ జనులు దున్నిన చేలను, నడచిన బాటలను చూచుకొని సర్వేయరు తన పటమును గీచినాడు. అందుచేతనే ఏ రెండు గ్రామముల పటములును ఒక్క ఆకారమున నుండవు.

ఇందుకు విరుద్ధముగ ఏర్పడిన పల్లెలు అమెరికా సంయుక్త రాష్ట్రములందు వేలకొలది కలవు. అచ్చట ముందు గీత గీచిరి. ఊరు తరువాత వచ్చినది. ఆ పల్లెలకు టౌన్‌షిప్పులని పేరు. పేరు విని పట్టణములని భ్రమపడరాదు. మన దేశమున పెద్ద కర్మాగారముల చెంత ఉద్యోగులకై కట్టించిన నివాసములను టౌన్‌షిప్పులని పిలుచుట కలదు. అవి వేరు, ఇవి వేరు. అమెరికా నడిభాగమున టౌన్‌షిప్పనగా మొక్కజొన్న చేలు, సోయాచిక్కుడు చేలు, మైలునకొక తిన్నని బాట, దూరదూరముగ రైతుల ఇండ్లు. మన ఊళ్లలోవలె ఇండ్లు ఒకచోట గుంపుగూడి యుండవు. ఎవరి ఇల్లు వారి పొలములోనే యుండును. విమానమునుండి చూచినవారికి ఆ నేల చదరంగపు బల్లవలె కనబడును.

ఈ బల్లను ఎవరు పరచిరి? ఏల పరచిరి?

1783లో ఇంగ్లండుతో సంధి కుదిరి యుద్ధము ముగిసెను. కొత్త దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినదే కాని ఖజానా ఖాళీ. సైనికులకు జీతములు బాకీ. అప్పిచ్చినవారికి వడ్డీలు బాకీ. నాటి కాంగ్రెసు సభకు పన్నులు వేయు అధికారము సైతము లేదు. దానికి ఆధారము ఒహైయో నదికి వాయవ్యముగ పరచుకొని యున్న విశాల భూమి. ఆ భూమిని అమ్మి అప్పు తీర్చవలెనన్నచో, కొనువానికి “ఇదిగో, నీ హద్దు” అని చూపవలెను గదా! దట్టమైన అడవిలో హద్దు చూపుట ఎట్లు? ఇందుకై 1785 మే 20వ తేదీన కాంగ్రెసు ఒక భూశాసనమును చేసినది.

ఆ శాసనము ప్రకారము టౌన్‌షిప్పు ఒక్కొక్క ప్రక్క ఆరు మైళ్లుండు చతురస్రము. నిలువున ఆరు, అడ్డముగ ఆరు భాగములు చేయగా 36 గళ్లు వచ్చును. ఒక్కొక్క గడి ఒక చదరపు మైలు, అనగా 640 ఎకరములు. ఈ గడికే సెక్షనని పేరు వచ్చినది. ఎకరము ఒక డాలరునకు తగ్గకుండ అమ్మవలెనని నియమము. అయితే 640 డాలర్లు తెచ్చి చెల్లింపగల రైతులెందరు? అందుచేత తొలుత కొన్నవారిలో ధనికులును, భూవ్యాపారులును ఎక్కువ. 1800లో 320 ఎకరములు, 1804లో 160, 1820లో 80 ఎకరములు కొనుటకు వీలు కల్పించిన పిమ్మటనే సామాన్యునికి ఆ భూమి కొంత అందుబాటులోనికి వచ్చినది.

కొలుచుటకు వాడినది గొలుసు. ఇంగ్లండు దేశపు గణితజ్ఞుడు ఎడ్మండ్ గంటరు పదునేడవ శతాబ్దమున రూపొందించిన ఈ గొలుసు 66 అడుగుల పొడవు గలది. దానికి 100 లింకులు. 80 గొలుసులు ఒక మైలు. పది చదరపు గొలుసులు ఒక ఎకరము. ఇది మనకు పరాయి లెక్క కాదు. కోస్తా, రాయలసీమ జిల్లాలలో మనము చెప్పుకొను సెంటు ఎకరములో నూరవ వంతు. కావున ఒక చదరపు గొలుసు సరిగ పది సెంట్లగును. తెలంగాణమున ఎకరమునకు 40 గుంటలు. అదే చదరపు గొలుసు నాలుగు గుంటలగును. మన తాతలు పొలము కొలిపించినప్పుడు గట్టుమీద ఈడ్చిన గొలుసును, ఒహైయో అడవిలో ఈడ్చిన గొలుసును ఒక్క కుదురువే. మన ఇంట దస్తావేజు ఉన్నయెడల విప్పి, అందలి సెంట్లనో గుంటలనో గొలుసులలోనికి మార్చి చూడుడు.

1785 సెప్టెంబరు 30వ తేదీన థామస్ హచ్చిన్స్ అను అధికారి పెన్సిల్వేనియా పడమటి సరిహద్దు ఒహైయో నదిని తాకుచోట మొదటి గొలుసు వేయించెను. ఆతడు కాంగ్రెసు నియమించిన భూగోళ శాస్త్రవేత్త. ఆ చోటినుండి నేరుగ పడమటికి 42 మైళ్ల గీత సాగవలెను. అనగా ఏడు టౌన్‌షిప్పుల వెడల్పు. గొలుసు పట్టువారు ముందు నడువగా, గొడ్డళ్లవారు చెట్లు కొట్టి దారి చేసిరి. మూలమూలకు గుర్తు పాతుచు, దగ్గరి చెట్లకు గంటు పెట్టుచు, నేల మంచిదో కాదో, ఏ వాగు ఎచ్చట అడ్డము వచ్చెనో పుస్తకమున వ్రాసికొనుచు పోయిరి. గీతకు వాగు లెక్కలేదు, గుట్ట లెక్కలేదు. అయితే ఒక చిక్కు మాత్రము తప్పలేదు. కాగితము చదునైనది, భూమి గుండ్రనిది. ఉత్తరమునకు పోవుకొలది ధ్రువరేఖలు ఒకదానికొకటి చేరువగును గనుక టౌన్‌షిప్పు పై అంచు క్రింది అంచుకంటె కొంచెము తగ్గిపోవును. తరువాతి కాలపు సర్వేయర్లు కొంత దూరమునకొకసారి ఆగి, కొలత సరిచేసికొని, మరల మొదలిడుచు వచ్చిరి. తిన్నగ పోవుచున్న పల్లెబాట ఏ కారణమును లేనట్లు నేటికిని అక్కడక్కడ హఠాత్తుగ ప్రక్కకు మళ్లి మరల తిన్నబడుటకు ఒక కారణమిది.

హచ్చిన్స్ బృందము ఆ యేడు కొద్ది మైళ్లు మాత్రమే కొలిచి వెనుదిరిగినది. ఆదివాసుల దాడి జరుగునను భయమే కారణము. ఆ భూమి నిర్జనమైనది కాదు. షానీ, డెలవేర్, మయామీ, వయాన్‌డాట్ మొదలగు జాతులవారు అందు గ్రామములు కట్టుకొని, మొక్కజొన్న పండించుకొనుచు, వేటాడుచు బ్రతుకుచుండిరి. కొందరు నాయకులచే సంధిపత్రములమీద గుర్తులు పెట్టించి భూమి తమదైనదని ప్రభుత్వము చెప్పెను. ఆ సంధులను ఆ జాతులలో అనేకులు ఒప్పుకొనలేదు. కాగితముమీది గళ్లు వారి ఇండ్లమీదుగ, పొలములమీదుగ పోయినవి. 1791 నవంబరులో వారు ఏకమై జనరల్ సెయింట్ క్లెయిర్ సైన్యమును చిత్తుగ ఓడించిరి. ఆరు వందలకు మించిన సైనికులు ఆ ఒక్క దినమున మడిసిరి. 1794లో జనరల్ వేన్ చేతిలో ఆ జాతులు ఓడిపోయెను. మరుసటి యేడు గ్రీన్‌విల్ సంధితో ఒహైయో భూమిలో అధికభాగము వారి చేయి జారినది. మిగిలిన భాగమును కొద్దికొద్దిగ పోయినది. చివరకు మిగిలిన వయాన్‌డాట్ జాతివారు 1843లో పడమటికి తరలిపోయిరి. పోవుచు, తమ చర్చిని, తమవారి సమాధులను కాపాడుమని మెథడిస్టు క్రైస్తవ సంఘమునకు అప్పగించి పోయిరి.

ఈ గళ్ల కథలో ఈ భాగమును విడిచి తక్కినదానిని మెచ్చుకొనుట సరికాదు. మెచ్చుకొనదగినది లేకపోలేదు.

1796లో గళ్లకు సంఖ్యలు వేయు పద్ధతిని స్థిరపరచిరి. ఈశాన్యపు మూల గడి ఒకటవది. అచ్చటినుండి పడమటికి ఆరు లెక్కించి, క్రింది వరుసకు దిగి, తూర్పునకు మరల లెక్కింతురు. అరకకు కట్టిన ఎద్దులు చాలు చివర మళ్లి వచ్చునట్లు సంఖ్యలును మళ్లి మళ్లి వచ్చి, ఆగ్నేయపు మూల 36తో ముగియును. కాగితముమీద గీచి చూచినచో 16వ గడి నడిమికి దగ్గరగ వచ్చును. ఆ గడిని పాఠశాలల పోషణకై విడిచిపెట్టవలెనని 1785 శాసనమే విధించినది. ఊరు లేదు, పిల్లలు లేరు, పంతులు లేడు. బడికి మాత్రము 640 ఎకరముల మాన్యము సిద్ధముగ నున్నది!

బడి ఆ గడిలోనే కట్టవలెనని కాదు. ఆ భూమి రాబడితో బడి నడుపవలెనని భావము. అనుకొన్నంత జరిగినదా? ఒహైయోలో జరుగలేదనియే చెప్పవలెను. చాలచోట్ల బడి భూములు అతి చౌకగ కౌలునకు పోయినవి. కొన్నిచోట్ల కౌలుదారులు కలపను నరికి అమ్ముకొని నేలను విడిచిపోయిరి. తరువాత భూములే అమ్ముడుపోయినవి. కాపలా లేని మాన్యము గతి ఏ దేశమునందైనను ఒక్కటియే. ఈ అనుభవమువలన తరువాతి రాష్ట్రములు కొంత జాగ్రత్తపడినవి. 1848లో ఆరెగాన్ ప్రాంతమునకు ఒకటికి బదులు రెండు గళ్లు, 16వదియు 36వదియు, ఈయబడినవి. అట్టి భూములను కాపాడుకొని బడులకు నేటికిని ఆదాయము పొందుచున్న రాష్ట్రములు కలవు.

గడి గీచినంత మాత్రమున ఊరు కాదు. జనులు వచ్చి స్థిరపడిన పిమ్మట బాట ఎవరు వేయవలెను, తప్పిపోయిన పశువు ఎవరిది, దిక్కులేనివాని కెవరు అన్నము పెట్టవలెను అను ప్రశ్నలు పుట్టినవి. అప్పుడు ఏర్పడినది పాలించు టౌన్‌షిప్పు. దీని హద్దులు కొలత టౌన్‌షిప్పు హద్దులతో చాలచోట్ల కలియును, అన్నిచోట్లను కలియవు. ఒహైయోలో తొలినాళ్లలో జనులు బాటల పర్యవేక్షకులను, కంచెలు చూచువారిని, బీదల సంరక్షకులను, ఊరి కాన్‌స్టేబులును ఎన్నుకొనుచుండిరి. పన్నునకు బదులు ఏటా కొన్ని దినములు మగవారు పార, గొడ్డలి తీసికొని వచ్చి బాట పని చేయవలసి యుండెను.

ఊరి పాలన అనగానే ఉదారమైనదని ఎంచరాదు. కొత్తగ వచ్చిన బీదవాడు తమ ఊరి పన్నుమీద పడునను భయముతో, వానిని వెడలిపొమ్మని హెచ్చరించు అధికారమును చట్టము బీదల సంరక్షకులకు ఇచ్చినది. 1807 నాటి చట్టము మరింత కఠినమైనది: ఒహైయోలో స్థిరపడ వచ్చిన నల్లజాతివారు 500 డాలర్ల జామీను చూపవలెను; చూపలేనివారిని వెళ్లగొట్టు పని ఈ సంరక్షకులదే. ఇట్టి చట్టములలో అధికభాగము 1849లో రద్దయ్యెను. పొరుగువాని మేలు చూచుటకు ఏర్పడిన కొలువే పొరుగువానిని గెంటుటకును ఉపయోగపడినది.

నేడు ఒహైయోలో 1300కు పైగా టౌన్‌షిప్పులు కలవు. ఒక్కొక్కదానికి ముగ్గురు ట్రస్టీలును, లెక్కలు చూచుటకొక ఆర్థికాధికారియు నుందురు. వీరిని ప్రజలు నాలుగేండ్లకొకసారి ఎన్నుకొందురు. బాటలు బాగుచేయుట, చలికాలమున మంచు తొలగించుట, అగ్నిమాపక ఏర్పాట్లు, శ్మశానముల సంరక్షణ వీరి ముఖ్యమైన పనులు. ఇద్దరు రైతులు పొలముల నడిమి కంచె ఖర్చునకై తగవులాడినచో, ట్రస్టీలు స్వయముగ వచ్చి చూచి ఎవరి పాలు ఎంతయో తేల్చు పద్ధతియు ఒకటి కలదు. గట్టు తగవులు మనకు మాత్రమే సొంతము కావని తెలిసి మీకు నవ్వు రావచ్చును.

మిన్నెసోటా రాష్ట్రములో మరియొక చక్కని ఆచారము కలదు. ఏటా మార్చి నెల రెండవ మంగళవారమున టౌన్‌షిప్పు సభ జరుగును. ప్రతినిధులే కాదు, ఓటుగల వారెవరైనను వచ్చి కూర్చుండి, ఆ యేడు ఎంత పన్ను వేసికొనవలెనో చేతులెత్తి తామే నిర్ణయించుకొందురు. కంకరకు ఇంత, వంతెనకు ఇంత అని లెక్క చదువగా, “అంత ఎందుకు?” అని అడుగు హక్కు ప్రతివానికిని కలదు. అడిగినవాడు తన ఇంటిముందరి బాటను మరచి మాట్లాడలేడు. మన గ్రామసభలు ఎప్పుడు జరుగునో, ఎందరు వత్తురో, అచ్చట ఏమి చదువుదురో మీ ఊరిలో విచారించినచో ఈ సభతో పోల్చి చూచుటకు వీలగును.

పొలములు పెద్దవై, యంత్రములు వచ్చి, చేయు చేతులు తగ్గినకొలది చాల టౌన్‌షిప్పులలో జనసంఖ్య తగ్గినది. పట్టణములకు దగ్గరగ నున్న వానిని పట్టణములు కొంచెము కొంచెముగ కలుపుకొనుచున్నవి. కొన్నిచోట్ల ట్రస్టీలు బాటలు చూచుకొనుటతో పాటు, వారసులెవరును మిగులని పాత సమాధుల నడుమ గడ్డి కోయించుచుందురు. ఆ సమాధులు తొలి గళ్లను కొన్నవారివి.

వయాన్‌డాట్ వారి సమాధులు అప్పర్ సాండస్కీ అను పట్టణమున కలవు. వారు అప్పగించి పోయిన చర్చియు, దాని చుట్టునున్న సుమారు మూడెకరముల నేలయు 176 సంవత్సరములు మెథడిస్టు సంఘము స్వాధీనమున నుండెను. 2019 సెప్టెంబరులో ఆ సంఘమువారు ఆ నేలను ఓక్లహోమానుండి వచ్చిన వయాన్‌డాట్ జాతివారికి తిరిగి అప్పగించిరి.