స్నాతకోత్సవ వేషము – సమావర్తన సంప్రదాయము

విశ్వవిద్యాలయాలలో పట్టప్రదాన సభకు ‘స్నాతకోత్సవం’ అనే పేరు స్థిరపడింది. ఆ పేరు గృహ్యసూత్ర సంప్రదాయానికి చెందినది. ఆ సభలో చిరకాలంగా కనిపించే గౌను ఐరోపా నుండి వచ్చినది. ఈ రెండింటి పొందిక ఎంతవరకు సార్థకమో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

స్నాతకుడంటే స్నానం చేసినవాడు. అధ్యయనం ముగించి గురుకులం నుండి మరలే శిష్యునికి జరిగే సంస్కారం సమావర్తనం. అందులో స్నానం ప్రధానాంగం కావడం చేత ఆ పేరు కలిగింది. పారస్కర గృహ్యసూత్రం స్నాతకులను మూడు విధాలుగా విభజించింది. వేదం ముగించి వ్రతం ముగించనివాడు విద్యాస్నాతకుడు. వ్రతం ముగించి వేదం ముగించనివాడు వ్రతస్నాతకుడు. రెండూ ముగించినవాడు విద్యావ్రతస్నాతకుడు. చదువుతోపాటు నియమపాలనం కూడ అర్హతకు ప్రమాణమని దీనివలన స్పష్టమవుతున్నది.

సమావర్తనానికి కావలసిన వస్తువులను ఆశ్వలాయన గృహ్యసూత్రం పదకొండుగా పేర్కొన్నది. అవి మణి, కుండలాలు, వస్త్రయుగ్మం, గొడుగు, పాదరక్షలు, దండం, పూలమాల, నలుగుపిండి, మైపూత, కాటుక, తలపాగా. వీటిలో గొడుగు, పాదరక్షలు, పూలమాల, మైపూత, కాటుక బ్రహ్మచారికి ధర్మశాస్త్రం నిషేధించినవే. మేఖలను విడిచి, నిషిద్ధమైన వాటిని స్వీకరించడమే ఇక్కడి వేషధారణ. అనగా ఇది విద్యార్థిచిహ్నాల విసర్జనం, గృహస్థజీవితానికి ప్రవేశం. మరొక విశేషమేమంటే, ఈ వస్తువులను శిష్యుడు తనకూ ఆచార్యునికీ సమకూర్చాలి. ఇద్దరికీ సాధ్యం కానప్పుడు ఆచార్యునికి మాత్రమే సమకూర్చాలని సూత్రకారుని విధి.

ఐరోపా గౌను తాత్పర్యం దీనికి విపరీతం. మధ్యయుగ విశ్వవిద్యాలయాలలో అధ్యాపకులు, విద్యార్థులు ప్రధానంగా మతాధికార వర్గానికి చెందినవారు. వారి దీర్ఘవస్త్రమే కాలక్రమాన విద్యావేషమయింది. 1222లో ఆర్చిబిషప్ స్టీఫెన్ లాంగ్టన్ ఆధ్వర్యంలో ఆక్స్‌ఫర్డులో జరిగిన మతసభ, ముందుభాగం మూసిన పైవస్త్రాన్ని మతాధికారులకు విధించింది. తలను కాపాడే ముసుగు వీపున వ్రేలాడే ‘హుడ్’గా మారి, దాని వర్ణాలు పట్టాన్ని, విద్యాశాఖను సూచించే సంకేతాలయ్యాయి. అమెరికాలో 1895లో ఈ సంకేతాలకు ఒక నియమావళి ఏర్పడింది. ఇక్కడ పట్టభద్రుడు పండితసంఘంలో ప్రవేశించి దాని వేషం ధరిస్తాడు. అక్కడ స్నాతకుడు గురుకులవేషం విడిచి లోకంలో ప్రవేశిస్తాడు.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు ఏర్పడినపుడు బ్రిటిష్ పద్ధతే ఆదర్శమయింది. 2010లో భోపాల్‌లో జరిగిన ఒక స్నాతకోత్సవంలో నాటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ గౌనును తొలగించి, అది వలసపాలన అవశేషమని విమర్శించారు. 2019లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం చేనేత వస్త్రాలను ప్రోత్సహించింది. 2024లో కేంద్ర ఆరోగ్యశాఖ తన విద్యాసంస్థలకు భారతీయ వేషాన్ని సూచించింది.

గౌనుకు ఒక గుణమున్నది: అందరికీ ఒకే వేషం కావడం వలన ధనిక, దరిద్ర భేదం సభలో కనబడదు. దీనిని విస్మరించరాదు. అయితే గౌనుకు బదులు ఉత్తరీయం వేసినంతమాత్రాన సమావర్తనం సిద్ధించదు. తెలుగునాట వివాహానికి ముందు వరునికి జరిపే స్నాతకంలోను, దానిని అనుసరించే కాశీయాత్రలోను గొడుగు, కర్ర, పాదరక్షలు నేటికీ నిలిచి ఉన్నాయి. ఆ వస్తువులు నిలిచినా, ఆచార్యుని భాగం మాత్రం అక్కడా మరుగైంది. వేషసంస్కరణ తలపెట్టేవారు వస్త్రం కంటె ముందుగా ఆ భాగాన్ని, విద్యావ్రతాల జంటను స్మరించడం ఉచితం.