బి.ఎస్సీ. చదివిన బిడ్డ ఏ గదిలో పనిచేయాలి?



ఇంటర్ ఫలితాలు వచ్చిన తర్వాత మన విచారణల్లో ఒక మాట తరచుగా వినిపిస్తుంది. "ఇంజనీరింగులో మంచి సీటు రాలేదు ఫాదర్, డాక్టరు చదువు మన వల్ల కాదు, ఇక చేసేది లేక బి.ఎస్సీ.లో చేర్పించాం" అంటారు. ఈ 'చేసేది లేక' అన్న మాట బిడ్డ ఎదుటే అంటారు. ఆ మాటను మూడేళ్ళపాటు మోసిన కుర్రవాడిని "తర్వాత ఏం చేస్తావు నాయనా?" అని అడిగితే తల వంచుకోక ఏం చేస్తాడు? దారి లేక కాదు. ఆ దారి ఎలా ఉంటుందో ఇంట్లో ఎవరూ వివరంగా చెప్పకపోవడం వల్ల. అందుకని ఈ వారం పాఠం దీని మీదనే.

నేను చదివింది తత్వశాస్త్రం, రసాయనశాస్త్రం కాదు. అయినా మందుల కంపెనీల్లో పనిచేసే మన యువకులు, వారి తల్లిదండ్రులు ఎంతోమంది నాతో మాట్లాడుతుంటారు. వారి దగ్గర విన్నదానికి నేను చదివి తెలుసుకున్నది కలిపి మీ ముందు ఉంచుతున్నాను. సైన్సు డిగ్రీతో చక్కెర మిల్లులోను, సిమెంటు ఫ్యాక్టరీలోను, రంగుల కంపెనీలోను, నీరు పరీక్షించే ల్యాబులోను పని దొరుకుతుంది. అన్నీ చెప్పడానికి ఈ పేజీ చాలదు. మన రెండు తెలుగు రాష్ట్రాల బిడ్డలకు అందుబాటులో ఉన్న మందుల, టీకాల పరిశ్రమను మాత్రమే చూద్దాం.

ఈ పరిశ్రమ మన దగ్గర ఊరికే పుట్టుకురాలేదు. టీకాలు తయారుచేసే బయలాజికల్ ఇ 1953లోనే హైదరాబాదులో మొదలయింది. 1961లో ఐడీపీఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. హైదరాబాదులోని దాని కర్మాగారంలో పనిచేసి అనుభవం సంపాదించిన కె. అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. 1990లో దివీస్, 1993లో శాంతా బయోటెక్నిక్స్, 1996లో భారత్ బయోటెక్ వచ్చాయి. ఇప్పుడు జీడిమెట్ల, పాశమైలారం, చౌటుప్పల్, జడ్చర్ల, శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ, విశాఖ వైపు పరవాడ, అచ్యుతాపురం, శ్రీకాకుళం జిల్లాలో పైడిభీమవరం - ఈ పేర్లు తెలియని డిగ్రీ కాలేజీ లేదు.

కంపెనీలో ఉండేది వ్యాపారమే, విజ్ఞానం విశ్వవిద్యాలయంలోనే ఉంటుందని కొందరు పెద్దలు అనుకుంటారు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని గుర్తుచేసుకోండి. బోదకాలు వ్యాధికి నేటికీ మన ఊళ్ళలో ఇంటింటికీ తిరిగి ఇచ్చే డీఈసీ మాత్ర ఆయన నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీ ప్రయోగశాలలో రూపుదిద్దుకున్నదే.

ఇక అసలు విషయానికి వద్దాం. "ఫార్మా కంపెనీలో ఉద్యోగం" అంటే ఒకే ఉద్యోగం కాదు. అదే గేటులోంచి లోపలికి వెళ్ళిన ఇద్దరు మిత్రులు రెండు వేర్వేరు గదుల్లో రెండు వేర్వేరు జీవితాలు గడుపుతారు. కనుక కంపెనీ పేరు అడిగే ముందు ఏ గదిలో పని అని అడగాలి.

మొదటిది ప్రొడక్షన్. బల్క్ డ్రగ్ కంపెనీ అయితే పెద్ద పెద్ద రియాక్టర్లు, సెంట్రిఫ్యూజులు, డ్రయ్యర్లు ఉంటాయి. ద్రావకాల వాసన, వేడి, రోజంతా నిలబడే పని. మూడు షిఫ్టులు. ఆదివారం పూజకు రాలేదేమని కుర్రవాడిని నిలదీసే ముందు ఆ వారం అతడిది ఏ షిఫ్టో తెలుసుకోండి! బి.ఎస్సీ. కెమిస్ట్రీ వారిని ఎక్కువగా తీసుకునే చోట్లలో ఇది ఒకటి. పని కష్టమే గాని ఎదుగుదల లేనిది కాదు. కెమిస్ట్రీ ముఖ్య విషయంగా డిగ్రీ పొంది, ఆ తర్వాత మందుల తయారీలో కనీసం మూడేళ్ళ అనుభవం ఉన్నవాడిని తయారీని పర్యవేక్షించే అర్హత గల వ్యక్తిగా మన దేశపు ఔషధ నియమాలు గుర్తిస్తాయి. చేసేది లేక చదివాడని మీరు చిన్నబుచ్చుతున్న చదువుకు చట్టం ఇచ్చిన స్థానం అది.

అయితే ఇక్కడ ప్రాణానికి సంబంధించిన విషయం ఒకటి ఉంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలోని ఒక మందుల కంపెనీలో పేలుడు జరిగి 17 మంది మరణించారు. 2025 జూన్ 30న పాశమైలారంలో, మాత్రల్లో కలిపే పొడి తయారుచేసే ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు నలభైమందికి పైగా ప్రాణాలు తీసింది. ఉద్యోగం వచ్చిందనగానే మనం జీతం ఎంత, బస్సు ఉందా, క్యాంటీన్‌లో భోజనం పెడతారా అని అడుగుతాం. పనిలోకి దింపే ముందు ఎన్ని రోజులు భద్రతా శిక్షణ ఇస్తారు, మాస్కు, కళ్ళద్దాలు, బూట్లు కంపెనీయే ఇస్తుందా, ప్రమాదం జరిగితే ఎటు పరుగెత్తాలో నేర్పుతారా అని అడిగిన తండ్రి నాకు ఇంతవరకు కనబడలేదు. ఈ ప్రశ్నలు అడిగినందుకు ఉద్యోగం ఇవ్వని కంపెనీ అయితే, ఆ ఉద్యోగం పోవడమే మేలు.

రెండవ గది క్వాలిటీ కంట్రోల్. అందరూ క్యూసీ అంటారు. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే పిల్లలు ఎక్కువగా కోరుకునేది ఇదే, తక్కువగా అర్థం చేసుకునేదీ ఇదే. ఏసీ గది, తెల్లకోటు, కంప్యూటరు చూసి ఇది తేలిక పని అనుకుంటారు. ఫ్యాక్టరీకి వచ్చిన ప్రతి ముడిపదార్థాన్నీ, తయారైన ప్రతి బ్యాచ్‌నూ పరీక్షించి అది సరైనదో కాదో తేల్చేది ఈ గది. ఇక్కడ హెచ్‌పీఎల్‌సీ అనే యంత్రం ఉంటుంది. మందు కలిపిన ద్రవాన్ని, సన్నటి పొడి దట్టించిన ఉక్కు గొట్టం గుండా ఎక్కువ ఒత్తిడితో పంపుతారు. అందులోని పదార్థాలు ఒక్కొక్కటి ఒక్కొక్క సమయంలో బయటికి వస్తాయి. తెర మీద కొండ శిఖరాల్లాంటి గీతలు పడతాయి. ఆ శిఖరం కింది వైశాల్యాన్ని బట్టి అసలు మందు ఎంత, మలినం ఎంత అని లెక్కకడతారు. ఆ లెక్క కింద సంతకం చేసేవాడు చాలాసార్లు ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రవాడు.

ఆ సంతకం విలువ ఎంత? 2022లో ఆఫ్రికాలోని గాంబియా దేశంలో మన దేశం నుండి వెళ్ళిన దగ్గు సిరప్‌లు తాగిన సుమారు 70 మంది పసిబిడ్డలు మూత్రపిండాలు చెడిపోయి మరణించారు. ఆ సిరప్‌లలో డైఇథిలీన్ గ్లైకాల్, ఇథిలీన్ గ్లైకాల్ అనే విషపదార్థాలు ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. 2025లో మన మధ్యప్రదేశ్‌లోనే అదే రకం విషం మరికొందరు పిల్లల ప్రాణాలు తీసింది. సిరప్‌లో వాడే గ్లిజరిన్‌లోగాని ప్రొపైలీన్ గ్లైకాల్‌లోగాని ఈ విషం ఉందో లేదో కనిపెట్టే పరీక్ష ఉంది. అది కొత్తదీ కాదు, చేయలేనిదీ కాదు. చేయవలసిన చోట చేసి, వచ్చినది వచ్చినట్టు రాసి, పనికిరాదని ఒక్కరు నిలబడితే ఆ సరుకు గేటు దాటదు.

సత్యమంటే ఉన్న వస్తువుకు మన బుద్ధి సరిగ్గా సరిపోవడమని గురువిద్యాలయంలో మాకు నేర్పారు. పునీత తోమాసు అక్వినాసు వారి బోధ అది. అప్పట్లో అది పరీక్ష కోసం బట్టీ పట్టిన నిర్వచనం. క్యూసీ గదిలో అది దినదినం చేసే పని. అక్కడ ఒత్తిడి ఉండదని నేను చెప్పను. నెలాఖరులో బ్యాచ్ వెళ్ళాలి, ఫలితం హద్దు దాటింది, "కొంచెం అడ్జస్ట్ చెయ్యి" అనే పైవాడు ఉండవచ్చు. నిన్న చేయని పనికి ఈ రోజు నిన్నటి తేదీ వేయమనవచ్చు. యువకులారా, మీరు చేయని పరీక్షకు మీ సంతకం పెట్టకండి. యంత్రంలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదవుతుంది. విదేశీ తనిఖీదారులు వచ్చి మొదట చూసేవాటిలో అదొకటి. దొరికిననాడు అడ్జస్ట్ చేయమన్నవాడి పేరు కాగితం మీద ఉండదు, మీ పేరు ఉంటుంది.

మిగిలిన గదుల్ని త్వరగా చూద్దాం. బి.జడ్.సి., మైక్రోబయాలజీ చదివినవారికి మైక్రోబయాలజీ ల్యాబు, టీకాల తయారీ అనువైనవి. గాలిలో, నీటిలో, గోడల మీద సూక్ష్మజీవులు ఎన్ని ఉన్నాయో లెక్కించడం, ఇంజక్షన్ మందులో ఒక్కటి కూడా లేదని రూఢి చేయడం వీరి పని. ఓపిక, శుభ్రత ఉన్నవారికి బాగా నప్పుతుంది. క్వాలిటీ అస్యూరెన్స్, అంటే క్యూఏ, కాగితాలన్నీ సరిచూసి బ్యాచ్‌ను విడుదల చేసే విభాగం. క్యూసీలోనో ప్రొడక్షన్‌లోనో కొన్నేళ్ళు పనిచేసి ఇందులోకి వస్తే గట్టిగా నిలబడతారు. రెగ్యులేటరీ విభాగం ప్రభుత్వాలకు సమర్పించే పత్రాలు తయారుచేస్తుంది. ఫార్మకోవిజిలెన్స్ వారు మందు వల్ల వచ్చిన దుష్ఫలితాల నివేదికలు చూస్తారు. ఇవి కుర్చీలో కూర్చుని చేసే పనులు. ఇంగ్లీషు తప్పులు లేకుండా రాయగలిగినవారికే. ఆడపిల్లను రాత్రి షిఫ్టుకు పంపలేమని చదువే మాన్పించాలనుకునే తల్లిదండ్రులు ఇలాంటి విభాగాలు కూడా ఉన్నాయని తెలుసుకోవాలి.

పరిశోధన విభాగం సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. కొత్త మందు కనిపెట్టే ల్యాబులో నిలబడాలంటే కనీసం ఎం.ఎస్సీ., ఇంకా ఎదగాలంటే పి.హెచ్‌డి. కావాలి. ఒట్టి బి.ఎస్సీ.తో చేరినా సహాయకుడిగానే ఉండిపోయే అవకాశం ఎక్కువ. కనుక పరిశోధనే నీ కోరిక అయితే చివరి సంవత్సరంలోనే ఐఐటీల జామ్ పరీక్ష, తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రలో పీజీసెట్ రాయాలి. మధ్యలో ఉద్యోగంలో చేరితే మళ్ళీ పుస్తకం పట్టడం చాలామందికి సాధ్యం కావడం లేదు. పరిశోధన కోరిక లేదు, ఇంట్లో అప్పు ఉంది అంటే, 'పేరు వెనక ఎం.ఎస్సీ. ఉండాలి' అనే ముచ్చట కోసం మరో రెండేళ్ళు ఫీజులు కట్టకండి. క్యూసీలో రెండేళ్ళు నేర్చుకున్నదానికి కంపెనీలు విలువ ఇస్తాయి.

ఇప్పుడు ఒక హెచ్చరిక. ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బు అడిగే కన్సల్టెన్సీలకు ఒక్క రూపాయి ఇవ్వకండి. అసలైన కంపెనీ అభ్యర్థి దగ్గర డబ్బు తీసుకోదు. మరికొందరు రెండేళ్ళ అనుభవం ఉన్నట్టు దొంగ సర్టిఫికెట్ అమ్ముతారు. పి.ఎఫ్. రికార్డు చూస్తే అది అబద్ధమని తెలిసిపోతుంది. ఉన్న ఉద్యోగమూ పోతుంది. అనుభవం కావాలంటే నిజాయితీ గల మార్గం అప్రెంటిస్‌షిప్. 2014లో చట్టాన్ని సవరించి ఇంజనీరింగు చదవని డిగ్రీవారికి కూడా ఆ అవకాశం కల్పించారు. స్టైపెండు కొద్దిపాటిదే, కాని చేతికి పని వస్తుంది.

చివరి సంవత్సరంలో ఉన్నవారితో ఒక మాట. మీ ప్రాక్టికల్ రికార్డు మీరు ఎలా రాస్తున్నారు? చాలా కాలేజీల్లో సీనియర్ రికార్డు తెచ్చుకుని రీడింగులు ఎక్కించడం ఆనవాయితీ అయిపోయింది. బ్యూరెట్ పట్టకుండానే రీడింగు రాసే అలవాటుతో మీరు క్యూసీ గదిలోకి వెళితే ఆ గదికి మీ వల్ల ఏమి లాభం? మీ లెక్చరరు గారిని అడిగి ఒకే టైట్రేషన్‌ను మూడుసార్లు చేయండి. వచ్చిన అంకె వచ్చినట్టు రాయండి. తప్పు రాస్తే రబ్బరుతో చెరపవద్దు, తెల్ల సిరా పూయవద్దు. చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, మీ పొట్టి సంతకం, తేదీ పెట్టండి. మందుల కంపెనీలో దిద్దుబాటు చేసే పద్ధతి సరిగ్గా అదే. ఇంటర్వ్యూలో దీన్ని అడిగే అధికారులు ఉన్నారు.