చతురంగ గృహసంఖ్య : భూతసంఖ్యా పాఠనిర్ణయమున గణితప్రమాణము

నంద్యాల పరిసరములందలి నవనందులను, ఆళ్లగడ్డకు చేరువనున్న అహోబిలమందలి నవనారసింహులను ఎరిగిన విద్యార్థికి వస్తువును చెప్పి సంఖ్యను గ్రహింపజేయుట క్రొత్త గాదు. భూతసంఖ్యా పద్ధతి ఇట్టిదే. శరములు 5, చంద్రుడు 1, వేదములు 4, గగనము 0. అయితే ఇచట రూఢియే ప్రమాణము. నందశబ్దము 9ని చెప్పుట నవనందరాజులవలననే గాని నవనందులవలన గాదు.

మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును తెనిగించిన పావులూరి మల్లనదిగా ప్రసిద్ధమైన చంపకమాల ఒకటి కలదు. చదరంగపు తొలిగడిలో 1 ఉంచి, తరువాతి ప్రతిగడిలో ముందటిదానికి రెట్టింపు ఉంచుచు పోగా 64 గళ్ల మొత్తమెంత యగునో అందు చెప్పబడినది. అది 2 యొక్క 64వ ఘాతమునకు 1 తక్కువ, అనగా 1,84,46,74,40,73,70,95,51,615. ఈ పద్యపాఠమును నిర్ణయించుటకు సంఖ్యాధర్మములే సాక్షులని నా మతము.

మొదటి శంక : పదములను ఏ దిక్కునుండి లెక్కింపవలెను? 2 యొక్క ఘాతములందు ఏకస్థానమున 2, 4, 8, 6 అనునవి వరుసగా తిరుగుచుండును. 64 నాలుగుచే భాగింపబడునుగాన 64వ ఘాతము 6తో ముగియును; 1 తీసివేయగా 5. పద్యము శరశబ్దముతోనే ఆరంభమగుచున్నది. కావున వామతోగతి న్యాయము సిద్ధించినది.

రెండవ శంక : పద్యమున సముద్రవాచకములు రెండు కలవు. సప్తసముద్రములు ప్రసిద్ధములుగదా, 7 అని ఏల గ్రహింపరాదు? 64ను 9చే భాగింప శేషము 1. అది 2 యొక్క 6వ ఘాతము. కావున 60వ ఘాతమునకును శేషము 1. 64వ ఘాతమునకు 16 యొక్క శేషమైన 7. 1 తీసివేయగా 6. సముద్రమును 4గా గొన్నచో అంకెల మొత్తము 87, శేషము 6. రెండుచోట్లను 7గా గొన్నచో మొత్తము 93, శేషము 3. కాన 4 అనుటయే యుక్తము. మూటిచే పరీక్షించినచో రెండు పాఠములును నిలుచును. అందుచే ఆ పరీక్ష చాలదు.

మూడవది లేఖకప్రమాదము. శతస్థానమందలి 6ను, సహస్రస్థానమందలి 1ని చెప్పు పదములు రెండును గురులఘురూపములు. అవి తారుమారైనను గణములు చెడవు, యతిప్రాసలు చెడవు, అంకెల మొత్తమును మారదు. ఇచట 11 శరణ్యము. 2 యొక్క 10వ ఘాతమగు 1024కు 11చే శేషము 1 గనుక మన సంఖ్యకు శేషము 15 మైనస్ 11, అనగా 4 కావలెను. ఏకస్థానము మొదలు బేసిస్థానముల మొత్తము 62, సరిస్థానములది 25; భేదము 37, శేషము 4. తారుమారైన పాఠమున భేదము 27, శేషము 5. దోషము బయటపడినది.

కావున భూతసంఖ్యా పద్యములను పరిష్కరించువారు ప్రతుల బాహుళ్యమును, ఛందస్సును మాత్రమే నమ్మరాదు. లెక్కవేసి చూచిన పిదపనే పాఠమును నిలుపవలెను.